నాలుగో మీట

పుంటా అరెనాస్‌లో గాలి వీస్తోందని ఎవరూ అనరు.
గాలి ఉంది అంటారు,
ఇంట్లో అత్తగారు ఉన్నారన్నట్టు.
వీధి మలుపుల్లో తాళ్లు కడతారు, పట్టుకుని నడవడానికి.
ఆ రాత్రి తాడు పట్టుకునే ఆసుపత్రికి చేరాను,
సంచిలో వైర్లు కత్తిరించే పటకారు, చల్లారిన రెండు ఎంపనాడలు,
నూట అరవై నాలుగు ఫోన్ల జాబితా.

పెట్టె విప్పిన ఫోను
పుట్టిన బిడ్డకన్నా అమాయకం.
బిడ్డకు ఏడవడమైనా వచ్చు.
దీనికున్నదల్లా
వీపు మీద పుట్టుమచ్చలా పన్నెండు అక్షరాలు.

కేబుల్ గుచ్చగానే మేలుకుంటుంది,
చీకట్లో గోడ తడిమినట్టు తీగలోకి కేకేస్తుంది:
ఎవరైనా ఉన్నారా? నేనెక్కడున్నాను?
ఎవరో ఒక చిరునామా చేతిలో పెడతారు,
పెడుతూ పెడుతూ చెవిలో ఊదుతారు:
నీ సంగతులన్నీ ఫలానా చోట రాసున్నాయి, పోయి అడుగు.

ఆ ఫలానా చోటు శాంటియాగో.
రెండు వేల కిలోమీటర్ల అవతల, నేలమాళిగలో ఒక సర్వర్.
పదకొండేళ్లుగా దాని మాట వింటున్నాను,
ముఖం మాత్రం చూడలేదు.
పుట్టుమచ్చ చదివి వినిపిస్తే ఫైలు తీసిస్తుంది:
నువ్వు రెండో అంతస్తు, ప్రసూతి వార్డు.
నీ నంబరు రెండు వందల పదకొండు.
నీ గంట ఇలా మోగాలి.
గడియారం మాత్రం చలికాలమంతా గంట వెనక్కే ఇస్తుంది,
మా దక్షిణానికి వేరే పొద్దుందని దానికి ఎన్నిసార్లు చెప్పినా.
అది నేను దిద్దుకోవాలి.

ఫోను ఒకసారి కన్నుమూసి తెరుస్తుంది.
అంతే, దానికి పేరొచ్చింది.

మూడు దాటాక, నూట పన్నెండోది.
కొత్తది కాదు.
లెక్క తక్కువైతే ప్వెర్తో నటాలెస్ శాఖ నుంచి తెప్పించిన పాతది.
దాని ఫైలు ఎవరూ చెరపలేదు.
తెర మీద తాపీగా వచ్చి కూర్చుంది:
ఓవిడియో కార్కమో, అంబులెన్స్ బల్ల.

ఆయన్ని నేనెరగను. ఫైలు చదివాను.
గంట తొమ్మిదికి తొమ్మిది: చెవులు మందం.
తెర వెలుగు రెండు: అన్నీ రాత్రి కాపలాలే.
మొదటి మీట డాక్టరు, రెండోది గ్యారేజీ, మూడోది పోలీసులు.
నాలుగోదాని మీద ఒకటే మాట. గాలి.

నొక్కాను.
రేవులో కొలత యంత్రం, నిద్ర తెలియని ఆడగొంతు:
"నైరుతి. తొంభై రెండు."

నటాలెస్‌కు ఫోన్ చేస్తే యెస్సెన్యా ఆవలిస్తూ చెప్పింది:
బండి పంపే ముందు ఆయన అది నొక్కేవాడు,
ఎనభై దాటితే డ్రైవరుతో ఒకే మాట,
తలుపు గట్టిగా పట్టుకుని తియ్యి, లేకపోతే గాలి పట్టుకుపోతుంది.
ఇప్పుడేం చేస్తున్నాడంటే,
చిలోయెలో బంగాళదుంపలు వేస్తున్నాడట,
ఫోనెత్తడట.

పేరు తీసేశాను. తియ్యాలిగా,
ఆ బల్ల దగ్గర ఇప్పుడు వేరే మనిషి.
మీట మాత్రం ఒక్క ఫోనులో ఉంచలేదు,
అందరికీ పైనుండే మూలప్రతిలో రాశాను.
ఒక్క వరుస.
భద్రపరచు అన్నాను.

నడవా పొడుగునా వెలుగులు పోయాయి,
నలభై సెకన్లు ఆసుపత్రికి చెవుల్లేవు.
(అత్యవసర విభాగంలో పాత గోడఫోను కదిలించలేదు లెండి,
అంత పిచ్చిదాన్ని కాదు.)
తర్వాత ఒక్కొక్కటే,
వంటగది, మందుల గది, శవాల గది,
ప్రతి తెర మీదా నాలుగో వరుసలో గాలి.

శాంటియాగో నుంచి తాఖీదు వస్తుంది:
యస్నా మిహొవిలొవిచ్, అనుమతి లేని మీట ఒకటి కనబడుతోంది.
రానీ.

ఎనిమిదింటికి లెక్కల గది రెమిహియో
కళ్లద్దాలు పైకెత్తి, ఇదేమిటమ్మా కొత్తగా అన్నాడు.
నొక్కండి అన్నాను.
విన్నాడు. రిసీవరు పెట్టేశాడు.
తలుపుదాకా వెళ్లి, ఆగి,
టోపీ తీసి సంచిలో పెట్టుకున్నాడు.